వెచ్చగా ఉంచమన్నారు

చొక్కా కాలరు అయింది, చేతులు అయ్యాయి. వీపు దగ్గరికి వచ్చేసరికి పెట్టె చల్లబడుతోందని మడతయ్యకు చప్పుడును బట్టే తెలిసింది. వేడి మీదున్న ఇస్త్రీపెట్టె తడి బట్ట మీద సుయ్యిమంటుంది. వేడి తగ్గిందంటే నిద్రలో గొణిగే ముసలాడిలా గొణుగుతుంది. పెట్టెను ఇటుక మీద నిలబెట్టి మూత తెరిచాడు. బూడిద ఊదాడు. పక్కనున్న కుంపటిలోంచి ఎర్రగా రాజుకున్న బొగ్గులు వేళ్లతోనే తీసి లోపల వేసుకుని, మూత వేసి కొక్కెం పెట్టాడు. పట్టకారు గోడకు మేకు మీద వేలాడుతూనే ఉంది. దాన్ని కొన్నది అతనే గానీ వాడేది మాత్రం అతని భార్య.

మూడంతస్తుల ఇంటి మెట్ల కింద, మెట్లతో పాటే ఏటవాలుగా దిగే కప్పున్న గది అది. ఎత్తుగా ఉన్న వైపు ఇస్త్రీబల్ల, తల వంచితే తప్ప దూరలేని వైపు బట్టల గూళ్లు. వెనక తలుపు తీస్తే వాళ్లుండే గది. పెళ్లికి ముందు నుంచీ ఆ బల్ల ముందే నిలబడుతున్నాడు. నిలబడి నిలబడి ఎడమ మడమ కింద గచ్చు కాస్త గుంటపడింది. అతని అసలు పేరు రేషనుకార్డు మీద ఉంది గానీ దానితో పిలిచేవాళ్లు లేరు. చేతికి ఏది దొరికినా మడతపెట్టేస్తాడని వీధి పెట్టిన పేరు మడతయ్య. చదివేసిన పేపరు, ఖాళీ సంచి, పొట్లం విప్పిన కాగితం, ఏదైనా సరే నాలుగు మూలలూ కలిసి తీరాల్సిందే. అల్లరి చేసే పిల్లలను తల్లులు "ఉండు, మడతయ్యకిచ్చి మడతపెట్టించేస్తా" అని బెదిరిస్తారు. పిల్లలు వచ్చి, నిజంగానే మడతపెడతావా అని అతన్నే అడుగుతారు. "ముందు కాస్త నీళ్లు చల్లాలి. తడి లేకుండా మడత నిలవదు" అంటాడు. వాళ్లు పారిపోతారు.

ఇవాళ నల్లకోటు ఒకటి బల్ల మీదికి వచ్చింది. భుజం దగ్గర పసుపురంగు వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. మడతయ్య దాన్ని రెండు వేళ్లతో తీశాడు. కింద పడేయబోయి ఆగాడు. తన చొక్కా జేబులో వేసుకుని మళ్లీ పెట్టె అందుకున్నాడు.

దొరసాని వెంట్రుక అది. దొరసాని అంటే వాళ్లు పెంచుకున్న పిల్లి. ఒక వానలో విడిచిన బట్టల గంపలోకి దూరి, వాన తగ్గినా వెళ్లనంది. పసుపూ తెలుపూ కలిసిన ఒళ్లు, కొస చిరిగిన చెవి. ఆ పేరు పెట్టింది అతని భార్య. రంగుబట్టల మీద పడుకోదు, నలిగినవాటి మీద పడుకోదు. అప్పుడే ఇస్త్రీ అయిన తెల్లబట్టలే కావాలి దానికి. "మా చొక్కాకి మీసాలొచ్చాయేమయ్యా?" అని ఎదురింటి ఆఫీసరు ఓసారి గద్దించాడు. "మీసాలొచ్చే వయసొచ్చిందేమోనండీ" అన్నాడు మడతయ్య, తల ఎత్తకుండా. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునే మడతయ్య, పిల్లి జోలికి వస్తే మాత్రం అలా ఒక మాట వదిలేవాడు.

పోయిన వారం దానికి ఆపరేషన్ చేయించారు, ఇక పిల్లలు పుట్టకుండా. పొద్దున కోశారు, మధ్యాహ్నం ఇంటికి పంపారు, సాయంత్రానికి పోయింది.

అప్పటి నుంచీ భార్య ఒకటే మాట. "నేనే కోయించాను. నా చేతులారా నేనే తీసుకెళ్లి కోయించాను." అన్నం ముందు కూర్చుంటుంది, కెలుకుతుంది, లేచిపోతుంది. దుప్పట్ల దగ్గరికి రావడం కూడా మానేసింది. మొదటి నుంచీ దుప్పట్లు మడతపెట్టడం వాళ్లిద్దరి పని. ఆ కొస ఆవిడ, ఈ కొస ఇతను. విదిల్చి, సగానికి కలిపి, ఒకరికొకరు ఎదురు నడిచి అంచులు చేతులు మార్చుకునేవాళ్లు. పొద్దున్నుంచీ పోట్లాడుకున్న రోజు కూడా దుప్పటి దగ్గర మొహాలు ఎదురుపడక తప్పేది కాదు. ఇప్పుడు అతనొక్కడే ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి మడతపెడుతున్నాడు. మూలలు కలవడం లేదు.

నిజానికి ఆపరేషన్ అతనికి ఇష్టం లేదు. "దాని ఒళ్లు, దాని ఇష్టం. మనమెవరం?" అన్నాడు. దొరసాని అంతకుముందే ఈనింది, కూనలు ఒక్కటీ దక్కలేదు. అంతకు ముందుసారీ అంతే. కూనల్ని పెట్టిన గంప చుట్టూ అరుస్తూ తిరుగుతుంటే ఆవిడ తట్టుకోలేకపోయింది. "కనడం, పోగొట్టుకోవడం. కనడం, పోగొట్టుకోవడం. ఇంకెన్నిసార్లయ్యా? నాకు తెలీదా ఆ బాధ?" అంది. వాళ్లింట్లో ఉయ్యాల కట్టడానికి తెచ్చిన తాడే తర్వాత బట్టలారేసే తాడయింది.

అందుకే ఈ వారమంతా ఒకటే ఆలోచన అతనికి. తప్పు డాక్టరమ్మది. ఆ మాట డాక్టరమ్మ నోటితోనే ఆవిడ వినాలి. వింటే గానీ ఆ మనిషి మళ్లీ కడుపునిండా తినదు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి మామా?" పక్కనున్న టీకొట్టు అతను గ్లాసు తెచ్చి బల్ల అంచున పెట్టాడు. చుట్టరికమేమీ లేదు. ఆ వీధిలో నోరు బాగా ఉన్నవాడు అతను, లేనివాడు ఇతను కాబట్టి మామా అల్లుళ్లయ్యారు. "ఇవాళ వెళ్తానన్నావుగా?"

"ఈ కోటు అయ్యాక వెళ్తా అల్లుడూ."

"కోటయ్యాక ప్యాంటంటావు, ప్యాంటయ్యాక లంగా అంటావు. ఇలా నాన్చితే ఆ డాక్టరమ్మ రిటైరైపోతుంది. వెళ్లగానే గొంతు పెంచు. గొంతు పెంచకపోతే మనిషి కింద లెక్కేయరు. పెంచుతావా?"

"పెంచుతా."

"ఏదీ, పెంచు."

మడతయ్య గొంతు సవరించుకున్నాడు. "డాక్టరమ్మా…" అన్నాడు.

"ఇదేంటి, బట్టలు తెచ్చానమ్మా అన్నట్టుంది! నువ్వెళ్లి వాళ్ల దుప్పట్లు కూడా తెచ్చుకునేట్టున్నావు." టీకొట్టు అతను తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక మడతయ్య గూట్లో హ్యాంగరుకు వేలాడుతున్న తెల్లకోటు వైపు తిరిగాడు. కాలేజీలో లెక్చరరుగారిది. "చూడండీ," అన్నాడు దానితో. "పొద్దున కోసి మధ్యాహ్నం పంపేస్తారా? ఒక్క పూట ఉంచుకుంటే మీ సొమ్మేం పోయింది?" కోటు ఏమీ అనలేదు. ఆ లెక్కన గెలిచినట్టే అనుకుని, బొగ్గులు కుంపట్లోకి తీసి, చెప్పులేసుకున్నాడు.

వెనక గది తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. "ఎక్కడికి?"

"ఊరికే, అలా వెళ్లొస్తా."

"ఊరికే వెళ్లేవాడివి ఉతికిన చొక్కా ఎందుకేసుకున్నావు? వద్దయ్యా. పోయింది పోయింది. ఆ పిల్లనెందుకు అనడం?"

"పిల్లేంటి, డాక్టరు! అడగొద్దా? అందరూ నోరు మూసుకుంటే ఎలా?"

"నువ్వు నోరు తెరిచినప్పుడల్లా నాకు భయమేస్తుందయ్యా," అంది ఆవిడ. ఇంకేదో అనబోయి మానేసింది. "నే చెప్తున్నా విను. వెళ్లొద్దు." 

ఆవిడకు చదువుకున్నవాళ్లంటే బెరుకు. అదే కారణమనుకుని మడతయ్య వీధిలోకి దిగాడు.

పశువుల డాక్టరమ్మ ఆసుపత్రి సందు చివర ఉంది. ముందు గదిలో బెంచీ, లోపల ఒక బల్ల, గోడవారన మందుల బీరువా, మూలన స్టవ్వు మీద పరికరాలు మరిగించే గిన్నె. బెంచీ మీద ఒకావిడ ఒళ్లో గంప, గంపలో కోడి. ఆ పక్కన ఒక కుర్రవాడి కాళ్ల దగ్గర, మెడకు గరాటాలాంటిది తొడిగిన కుక్క గోడకు గుద్దుకుంటూ కూర్చుని ఉంది.

"పేరు?" అన్నాడు కాంపౌండరు.

"దొరసాని."

"తీసుకురాలేదా?"

"దాని గురించే వచ్చా."

వంతు వచ్చేదాకా మడతయ్య చేతిలోని తువ్వాలును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. లోపలికి వెళ్లేసరికి డాక్టరమ్మ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. చిన్నవయసే. కళ్ల కింద నిద్ర బాకీ ఉన్నట్టు నలుపు. ఒంటి మీద కోటు ఆరీ ఆరకుండా ఇస్త్రీ చేసినట్టుంది, జేబు పక్కన ముడత అలాగే కాలి ఉండిపోయింది. ఎవడో తొందరలో చేశాడని అతని చూపు ముందు అక్కడికే పోయింది. అంతలో ఎందుకొచ్చాడో గుర్తొచ్చింది.

"మా పిల్లి చచ్చిపోయిందండీ," అన్నాడు. పెంచాలనుకున్న గొంతు ఆవిరిలా బయటికొచ్చింది.

"ఏ పిల్లి?"

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. గొంతు తనంతట తానే పెరిగింది. "ఏ పిల్లా? దొరసాని. చెవి చిరిగింది. మీరు పొద్దున కోశారు, మధ్యాహ్నం తీసుకుపొమ్మన్నారు, సాయంత్రానికి పోయింది. వారం తిరక్కుండానే ఏ పిల్లి అంటారా?"

డాక్టరమ్మ తువ్వాలుతో తుడుచుకుంటున్న చేతులు ఆపేసింది. "అయ్యో. ఆ పిల్లా? ఆ సాయంత్రమేనా? నాకెవరూ చెప్పలేదే. కుట్లు ఊడాయా? రక్తమేమైనా…"

"ఏం ఊడలేదు. ఏం కారలేదు."

"వాంతి చేసుకుందా?"

"లేదు. పడుకున్నది పడుకున్నట్టే పోయింది."

"తాతా, కాస్త గొంతు తగ్గించు. బయట కుక్క బెదురుతోంది," అన్నాడు కాంపౌండరు.

"తగ్గించను. పెంచమన్నారు," అన్నాడు మడతయ్య. "పూర్తిగా లేవకుండానే మా చేతుల్లో పెట్టేశారు. ఏం చెయ్యాలో మా ఆవిడ అడుగుతుంటే వెచ్చగా ఉంచండని ఒక్క ముక్క అనేసి ఎవరిదో కుక్క దగ్గరికి పోయారు. కుక్కేనా ప్రాణి, పిల్లి కాదా? ఒక్క పూట ఉంచుకోలేకపోయారా?"

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఆ రోజు ఎంతమంది ఉన్నారో మీరూ చూశారు కదా పెద్దాయనా. దాని బరువు చూసే మత్తు ఇచ్చాను. కోతలో ఏ ఇబ్బందీ రాలేదు. మీ బాధ నాకర్థమవుతోంది. కానీ చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోను?"

"నాకు మీ నష్టపరిహారాలు వద్దు, మీ మీద ఫిర్యాదు చేసేంత చదువూ లేదు. ఒక్కసారి వచ్చి, తప్పు నాదేనమ్మా, నీది కాదు అని మా ఆవిడతో అనండి. అంతే. ఆ మనిషి తిండి మానేసింది. తనే చంపుకున్నానని ఏడుస్తోంది." ఇంత పొడుగు మాట అతను ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడలేదు. 

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుంది. అతన్నీ కూర్చోమంది. "ఇంటికి తీసుకెళ్లాక ఏం జరిగిందో చెప్పండి. మొదటి నుంచీ."

ఏం జరిగిందో చెప్పడానికి మడతయ్యకు వెనకాడాల్సిన పనేముంది? ఆ రోజు అతను దొరసానికి చేసినంత సేవ కన్నబిడ్డకు కూడా ఎవరూ చేసి ఉండరు. వెచ్చగా ఉంచమన్నారు, ఉంచాడు. గిరాకీ బట్టలన్నీ పక్కన పడేసి, మెత్తటి పాత దుప్పట్లు తీశాడు. ఒకటి ఇస్త్రీ చేసి మడతపెట్టి దాని కింద, ఇంకొకటి మీద. చల్లారిపోకుండా మార్చి మార్చి చుట్టాడు. మధ్యాహ్నమంతా అదే పని. ప్రతిసారీ చేత్తో తడిమి చూసి, వెచ్చగా ఉందనిపించాకే చుట్టాడు. 

"చేత్తో చూశారా?"

"ఇదేం మాటండీ? ఏ బట్టకి ఎంత వేడో నా చేతికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

మూలన గిన్నె బుసబుసా మరుగుతోంది. కాంపౌండరు వచ్చి అందులోని పరికరాల పళ్లేన్ని పట్టకారుతో పైకెత్తాడు. బరువుకో, బయట కుక్క ఒక్కసారిగా మొరిగినందుకో, పట్టు జారింది. పళ్లెం ఓ పక్కకు ఒరిగింది. కత్తెరలు, సూదులు జారి కిందపడబోతుంటే మడతయ్య లేచి, రెండు చేతులతో పళ్లేన్ని అడుగునుంచి పట్టేసుకున్నాడు. బల్ల మీంచి జారే పెట్టెను పట్టుకోవడం అతనికి రోజూ ఉండేదే.

"అయ్యో! వదిలెయ్ తాతా, కాలుద్ది, వదిలెయ్!" కాంపౌండరు గావుకేక పెట్టాడు.

"ఎందుకు వదలడం? పడితే పాడైపోవూ?" మడతయ్య నింపాదిగా నాలుగడుగులు వేసి పళ్లేన్ని బల్ల మీద పెట్టాడు. దాని మీంచి ఆవిరి లేస్తోంది. అరచేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "కాలడమేంటి? వెచ్చగా ఉంది, అంతే."

కాంపౌండరు నోరు తెరిచి చూస్తున్నాడు. డాక్టరమ్మ పళ్లెం వైపు చూసింది, అతని చేతుల వైపు చూసింది, అతని మొహం వైపు చూసి చటుక్కున కళ్లు దించేసుకుంది. వాళ్లు ఎందుకలా చూస్తున్నారో మడతయ్యకు ముందు అర్థం కాలేదు.

ఆవిడ లేచి వచ్చి అతని కుడిచెయ్యి తీసుకుంది. వెల్లకిలా తిప్పింది. అరచెయ్యంతా పాత తోలు చెప్పు అడుగులా గట్టిపడి, నున్నగా మెరుస్తోంది. గీతల్లో బొగ్గునలుపు. బయట ఆ కుక్క గరాటాతో సహా తలుపులోంచి తొంగిచూస్తుంటే మడతయ్య అటు తిరిగాడు.

"తెలుస్తోందా?" అంది డాక్టరమ్మ.

"ఏదండీ?"

తలతిప్పి చూస్తే ఆవిడ బొటనవేలి గోరు అతని అరచేతి మధ్యలో నొక్కుకుపోయి ఉంది.

మడతయ్య ఆ గోరు వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత బల్ల మీద ఇంకా పొగలు కక్కుతున్న పళ్లెం వైపు చూశాడు. ఆవిడ చేతిలోంచి మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మత్తులో ఉన్నప్పుడు వేడెక్కినా అవి పక్కకి జరగ…" డాక్టరమ్మ మొదలుపెట్టి, సగంలో మింగేసింది. "అదే కారణమని నేను చెప్పలేను పెద్దాయనా. లోపల ఇంకేదైనా అయ్యుండొచ్చు. నాకు నిజంగా తెలియదు. కానీ వెచ్చగా అంటే ఎంతో నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ పూట ఉంచుకోవాల్సింది. ఉంచుకోలేదు. తప్పు నాదే. పదండి, నేనొచ్చి మీ ఆవిడతో చెప్తాను," అంది. కోటు విప్పబోయింది కూడా.

ఆ మాట కోసమే వచ్చాడు. కోటుకు చెప్పి చెప్పి ప్రాక్టీసు చేసి మరీ వచ్చాడు. తీరా అది చేతికొచ్చాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వద్దమ్మా," అన్నాడు. "బయట కోడిని పట్టుకుని ఆవిడెవరో ఎప్పట్నుంచో కూర్చుంది. ముందు దాన్ని చూడండి."

తిరిగొచ్చేసరికి టీకొట్టు అతను ఎదురొచ్చాడు. పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ గ్లాసులో పోసి, గ్లాసును గుడ్డతో పట్టుకుని అందించాడు. "ఏమైంది మామా? ఒప్పుకుందా?"

మడతయ్య గ్లాసును చుట్టూ అరచేత్తో పట్టుకున్నాడు. "అల్లుడూ, ఇది కాలుతోందా?"

"కాలకేం చేస్తుంది? ఇప్పుడే పొంగింది. నీకేం, ఇనపచెయ్యి! వీధిలో ఇలా పట్టుకునే మొనగాడివి నువ్వొక్కడివే. ఇంతకీ ఒప్పుకుందా లేదా?"

"ఒప్పుకుంది."

"చూశావా! చెప్పలేదూ, గొంతు పెంచమని?" టీకొట్టు అతను గెలుపంతా తనదే అన్నట్టు తొడ చరిచాడు. మడతయ్య టీ తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేసి మెట్ల వైపు నడిచాడు. ఇనపచెయ్యి అన్నప్పుడల్లా ఇన్నేళ్లుగా అతను లోలోపల ఎంత పొంగిపోయేవాడో అతనికొక్కడికే తెలుసు.

మధ్యాహ్నం దాటింది. అతను మళ్లీ బొగ్గులు రాజేసి బల్ల ముందు నిలబడ్డాడు. ఒక పిల్లగౌను తీశాడు. పెట్టె ఎత్తాడు. ఎత్తిన పెట్టెను దించలేకపోయాడు. వేడి ఎంతుందో తెలుసుకోవాలి. ఎలా తెలుసుకోవాలి? చప్పుడు వినాలన్నా బట్ట మీద పెట్టాలి కదా. పక్కన ఒక పాతగుడ్డ పరిచి దాని మీద పెట్టి చూశాడు. కొత్తగా పని నేర్చుకునే వాడిలా మళ్లీ మళ్లీ చూశాడు. సాయంత్రం దాకా నాలుగు బట్టలైనా తెమల్లేదు. 

మెట్ల సందులోంచి వచ్చే ఎండ గచ్చు మీద సన్నగిల్లాక పెట్టె ఖాళీ చేసి వెనక గదిలోకి వెళ్లాడు. భార్య కిటికీ కింద చాప మీద కూర్చుని ఉంది. వస్తూనే అతని మొహం చూసింది.

"వెళ్లావా?"

"వెళ్లా."

"ఏమంది?"

దారంతా అనుకుంటూ వచ్చిన మాటే ముందొచ్చింది. "తప్పు నాదే అంది. నీది కాదంది. వచ్చి చెప్తానంది కూడా."

"అంది కదా. ఇంకేం? అయిపోయింది," అంది ఆవిడ త్వరత్వరగా. "కాళ్లు కడుక్కో. తిందువుగాని."

మాట అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆవిడ లేవబోయింది కూడా. మడతయ్య గడపలోనే గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపాడు. బెల్లం దొంగిలించి దొరికిపోయిన పిల్లాడు చాపినట్టు చాపాడు.

"అది కాదే. డాక్టరమ్మ కాదు. నువ్వూ కాదు. వీటికి వేడి తెలీదంట. ఇవాళ తెలిసింది నాకు."

ఆవిడ చేతుల వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు వెచ్చగా ఉందని ఇచ్చిన టీ నేను ఎప్పుడైనా అలాగే తాగానా? ఊదుకుని ఊదుకుని తాగేదాన్ని. మెల్లగా తాగే రకం అనుకునేవాడివి." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఆ రోజు దాన్ని దుప్పట్లలోంచి తీసింది నేను కదయ్యా."

మడతయ్య చాపిన చేతులు మెల్లగా ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆవిడ గొంతు పెంచకుండా, ఎవరింటి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఇక్కడే, ఈ కిటికీ కిందే కుట్టుకుంటూ కూర్చుంది. అతను దుప్పట్లు మారుస్తూ దొరసానితో ఏవేవో కబుర్లు చెబుతున్నాడు. నువ్వు లేచాక లెక్చరరుగారి కోటు మీద పడుకుందువుగాని, ఎవరేమంటారో నేను చూస్తా అంటున్నాడు. ఆ కబుర్లు విని ఆవిడ నవ్వుకుంది కూడా. అతను బొగ్గుల కోసం బయటికి వెళ్లినప్పుడు, ఎలా ఉందో చూద్దామని లేచి వచ్చి మీది దుప్పటి తీసింది. చెయ్యి చురుక్కుమంది. దొరసానిని ఎత్తి చెంపకు ఆనించుకుంది. ఒళ్లంతా సెగ. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కొళాయి కింద చెయ్యి తడిపి తల నిమిరింది, కడుపు నిమిరింది. అది ఒకసారి కాలు చాపింది. ఎండలో నిద్రలేచి ఒళ్లు విరుచుకునేటప్పుడు చాపినట్టే చాపింది. అంతే. ఇక ముడుచుకోలేదు. అతను బొగ్గులతో తిరిగి వచ్చేసరికి ఆవిడ దుప్పట్లన్నీ విప్పి గచ్చు మీద పరిచేసింది, చల్లారిపోయేలా. అతను వాటిని తడిమినా తెలిసేది కాదన్న సంగతి ఆవిడకు అప్పుడు తట్టలేదు.

"మరి చెప్పలేదేమే?" అన్నాడు చివరికి. "వారం రోజులుగా నేనే కోయించాను, నేనే కోయించాను అంటూ…"

"చెప్తే నువ్వు రేపు పెట్టె పట్టుకుంటావా? ఇంకేం పని వచ్చు నీకు?" ఆవిడ ముక్కు చీదుకుంది. "పెళ్లయినప్పటి నుంచీ అన్నీ నీ మీదే వేస్తున్నాగా. కూరలో ఉప్పెక్కువైనా నీ మీదే, వానొచ్చి బట్టలు తడిసినా నీ మీదే. ఇదొక్కటి నా మీద వేసుకుంటే నాకేం అరిగిపోయింది? వెళ్లొద్దన్నానా, లేదా? చెప్పిన మాట ఎప్పుడైనా విన్నావా?"

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తలుపు చెక్కకు తల ఆనించి ఏడ్చాడు, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఎగిరిపడేలా. ఆవిడ వద్దనలేదు. కాసేపటికి లేచి, కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. ఒక ముద్ద కలిపి తన పెదవికి ఆనించి చూసుకుని అతని చేతిలో పెట్టింది. ఇంకో ముద్ద తను తింది. అలా ఒక ముద్ద అతనికి, ఒక ముద్ద తనకు, కంచం ఖాళీ అయింది.

తర్వాత ఆవిడ చాప కింద చెయ్యి పెట్టి ఏదో తీసి అతని ముందు పెట్టింది. పాత దిండు గలీబు కత్తిరించి చేసిన చిన్న చొక్కా అది. మెలకువ వచ్చాక దొరసాని కుట్లు నాకకుండా ఒంటికి తొడగాలని ఆ మధ్యాహ్నం కుడుతూ కూర్చున్నది. కాళ్లు దూరడానికి నాలుగు బెజ్జాలు, వీపు మీద కట్టడానికి నాడాలు. ఆ నాడాల్లో మూడు గట్టిగా కుట్టి ఉన్నాయి. నాలుగోదాని దగ్గర కుట్టు సగంలో ఆగిపోయి, దారం ఎక్కించిన సూది ఇంకా గుడ్డకు గుచ్చే ఉంది.